నాబోతు ద్రాక్షతోట, పాలకుర్తి పొలము

రాజుల మొదటి గ్రంథము 21వ అధ్యాయము మీ గుడిలో చదివినప్పుడు ఒక సంగతి గమనించితిరా? అహాబునకు రాజ్యమంతయు ఉన్నది. అయినను తన నగరును ఆనుకొనియున్న నాబోతు ద్రాక్షతోట మీద అతని కన్ను పడెను. అది పిత్రార్జితమని నాబోతు ఇయ్యననగా, రాజు అన్నము మానుకొని మంచము పట్టెను. అప్పుడు యెజెబెలు కత్తి తీయలేదు. ఉత్తరములు వ్రాయించి, వాటిమీద రాజు ముద్ర వేసి, ఊరి పెద్దలకు పంపెను. ఇద్దరు దొంగసాక్షులు నిలిచిరి. నాబోతు రాళ్ల దెబ్బలకు చచ్చెను, తోట రాజు వశమాయెను.

జనగామ ప్రాంతపు వారికి ఇది పరాయి దేశపు కథ కాదు.

నిజాము రాజ్యములో పూర్వము పన్ను వసూలు చేయు పని దేశ్‌ముఖులది. 1860లలో దివానుగా నుండిన మొదటి సాలార్ జంగు ఆ పద్ధతి మార్చెను. వసూలు సర్కారు చేతికి వచ్చెను, దేశ్‌ముఖులకు రుసుము అను భరణము ఏర్పడెను. అంతటితో వారి బలము తగ్గవలసినది. తగ్గలేదు; ఏలయనగా ఊరి దస్తరములు వారి చేతిలోను, వారి మాట వినెడు పట్వారీల చేతిలోను ఉండెను. కొలతలు జరిగి పట్టాలు వ్రాయునప్పుడు, రైతు దున్నుచున్న మంచి భూములు దొర పేర ఎక్కెను. రైతునకు చదువు లేదు, తన చెలక తనది కాదని అనేకులకు ఏండ్ల తరబడి తెలియనే లేదు. 1880లలో రైలు ఓరుగల్లు మీదుగా బెజవాడ వరకు సాగగా, ఆముదాలకును గింజలకును దూరపు బజారు దొరికెను. భూమి వెల పెరిగిన కొలది దాని మీద ఆశయు పెరిగెను.

నేటి జనగామ జిల్లాలోని విసునూరు దేశ్‌ముఖు రామచంద్రారెడ్డి క్రింద దాదాపు 60 గ్రామములు, 40,000 ఎకరముల భూమి ఉండెనని చెప్పుదురు. అంత భూమి గల దొర చేతితో నాగలి పట్టునా? వెట్టి ఉన్నది గదా! చాకలి బట్టలుదుకవలెను, కుమ్మరి కుండలీయవలెను, గౌండ్లవాడు కల్లు పోయవలెను, గొల్లవాడు గొఱ్ఱెను తోలుకొని రావలెను. మాదిగవాడు చెప్పులు కుట్టి, మోటబొక్కెనలు కుట్టి, పిలిచినప్పుడెల్ల గడికి పరుగెత్తవలెను. కూలి లేదు. నాగు తెచ్చుకొన్న గింజలకు పంటనాడు ఒకటికి ఒకటిన్నర కొలిచి ఇయ్యవలెను. “బాంచెన్ దొరా, కాల్మొక్తా” అను మాట మన తాతల నోట ఊరకనే పుట్టలేదు. మన సంఘములలోని అనేకుల తాతలు ఆ వెట్టి చేసినవారే.

ఈ గడ్డమీద ధనాశ అంతకు ముందును రక్తము కార్చెను. 1310లో మాలిక్ కాఫూరు ఓరుగల్లును ముట్టడించి, ప్రతాపరుద్రుని యొద్ద అపారమైన ధనము పుచ్చుకొని ఢిల్లీకి మరలెను. ఆ ధనము ఎక్కడిది? చెరువుల క్రింద ఒళ్లు వంచినవారిది. కరవు కాలమున సైతము కప్పము అడుగగా కోయవారు ఎదురు తిరిగిరని భూపాలపల్లి వైపు అడవులలో నేటికిని చెప్పుకొందురు. సుల్తాను రాజు యొద్ద, రాజు కోయవాని యొద్ద. కోయవానికి మాత్రము అడుగుటకు క్రిందివాడు లేడు.

మరల జనగామకు వత్తము. కామారెడ్డిగూడెములో షేక్ బందగీ అను బీదరైతు తన భూమి కొరకు కచేరీకి ఎక్కెను. వ్యాజ్యము గెలిచెను. గెలిచినవానిని దొర మనుష్యులు చంపిరి. నాబోతునకు తీర్పే శత్రువాయెను. బందగీ తీర్పు పొందియు బ్రదుకలేకపోయెను. ఏది ఘోరమో మీరే చెప్పుడి.

పాలకుర్తిలో చిట్యాల ఐలమ్మ ఉండెను. 1895లో చాకలి కులమున పుట్టినది. ఆమె వెట్టిని కాదని, మల్లంపల్లి మక్తేదారు భూమిని కౌలుకు పట్టి దున్నెను. ఒక చాకలిది తన మడిలో తాను పండించుకొనుట దొర సహింపలేదు. వేల ఎకరములవానికి ఆ కొద్దిపాటి భూమి కావలసివచ్చెను! కోతకు మనుష్యులను పంపెను. అయితే ఆంధ్రమహాసభ సంఘమువారు కూడివచ్చి, పంట కోసి, గింజలు ఐలమ్మ ఇంటికి చేర్చిరి. 1946 జులై 4న కడవెండిలో ఊరేగింపు మీద దొర మనుష్యులు తుపాకులు కాల్చగా దొడ్డి కొమరయ్య కూలెను.

తరువాతి సంగతులు పెద్దలకు తెలియును. 1948 సెప్టెంబరులో సైన్యము వచ్చి నిజాము ప్రభుత్వము ముగిసెను. 1949లో జాగీరులు రద్దాయెను. 1950లో కౌలుదారుల చట్టము వచ్చెను. 1951 అక్టోబరులో సాయుధ పోరాటము నిలిచెను. నాలుగువేల మంది వరకు చనిపోయిరని దానికి నాయకుడైన పుచ్చలపల్లి సుందరయ్య వ్రాసెను. ఇరుప్రక్కలను తల్లులు ఏడ్చిరి. ఆ చేతులన్నియు శుద్ధమైనవని నేననను. కాని గడి తలుపు బ్రతిమాలగా తెరవలేదన్నదియు నిజమే.

ఇదే కాలమున, నేటి మహబూబాబాదు జిల్లాలోని దోర్నకల్లులో బిషపు అజరయ్యగారు 1912 మొదలు 1945లో చనిపోవువరకు మాల మాదిగల మధ్య సేవ చేసిరి. కూలివాడును దేవునికి ఇయ్యగలడని వారు నేర్పిరి. వంటకు ముందు పిడికెడు బియ్యము వేరుగా తీసిపెట్టు అక్కలు మన ఊళ్లలో ఉన్నారు. దొర చేయి పోగుచేయుట, ఈ చేయి విప్పుట, రెండును ఒకే తాలూకాల నేలమీద జరిగెను.

ఇక ఒక మాట అడుగుదును, కోపపడవద్దు. మన సంఘపు పెద్దలలో నూటికి నెలకు మూడు రూపాయల వడ్డీకి ఇచ్చి, పట్టాపుస్తకము కుదువ పెట్టుకొన్నవారు లేరా? కాగితము ఎవరి ట్రంకుపెట్టెలో ఉన్నది? బల్లయొద్ద ఇద్దరును ఒకే పాత్రలోనిది త్రాగి, బయటికి వచ్చి ఒకడు రెండవవానికి దొర అగుచున్నాడు. పాస్టరుగారు ఆ పెట్టె సంగతి అడుగవలెనా వద్దా?

ఐలమ్మ 1985 సెప్టెంబరు 10న చనిపోయెను. హైదరాబాదు కోఠీలో ఒకప్పుడు నిజాము దర్బారుకు ఇంగ్లీషు దొరల ప్రతినిధి కాపురమున్న పెద్ద మేడ ఉన్నది. అక్కడి ఆడపిల్లల విశ్వవిద్యాలయమునకు 2024లో చాకలి ఐలమ్మ పేరు పెట్టిరి.