రీఫ్, రిఫ్

కోలారు గనుల పటంలో చాంపియన్ రీఫ్ అని ఒక పేరుంటుంది. సుమారు 3.2 కిలోమీటర్ల లోతుకు దిగిన గని, 2001లో మూతపడింది. రీఫ్‌కు మూలం పాత నార్స్ భాషలోని ‘రిఫ్’. అర్థం పక్కటెముక. సముద్రంలో పొడుచుకొచ్చిన రాతిగట్టును అలా పిలిచారు. తర్వాత గని పనివాళ్లు రాతిలో సాగే బంగారు చారకూ అదే పేరు పెట్టుకున్నారు.

గిటారు రిఫ్ వేరే మాట. జాజ్ వాళ్ల వాడుకలో పుట్టింది; మళ్లీమళ్లీ వచ్చే చిన్న స్వరమాల. ‘రిఫ్రెయిన్’ (పల్లవి) అనే మాట కురచై వచ్చిందని కొందరంటారు, తేలలేదు. చెవికి చుట్టాలే తప్ప రెండింటికీ బంధుత్వం కనబడదు.

హెవీ మెటల్ రిథమ్ నేర్చుకోవడానికి బ్లాక్ సబ్బాత్ బ్యాండ్ పాట ‘ఐరన్ మ్యాన్’ (1970)లోది మంచి రిఫ్. వాయించిన టోనీ అయోమీ 1965లో, 17 ఏళ్లప్పుడు, బర్మింగ్‌హామ్‌లో రేకుల ఫ్యాక్టరీ యంత్రం కింద రెండు వేళ్ల కొనలు పోగొట్టుకున్నాడు. ప్లాస్టిక్ తొడుగులు చేసుకుని, సన్నని తీగలు బిగించి వాయించాడు.

ఈ రిఫ్‌లో వాడేది పవర్ కార్డ్: షడ్జమం, పంచమం, అంతే. గాంధారం ఉండదు కనుక డిస్టార్షన్ ఎంత పెంచినా గందరగోళం కాదు. తంబూరా శ్రుతి ఎరిగినవారికి ఇది కొత్తేమీ కాదు! వేళ్ల అమరిక చెదరకుండా చెయ్యి గిటారు మెడ మీద జారాలి. ఆ జారుడే అసలు పాఠం. అది కుదిరాక అరచేతి అంచును బ్రిడ్జి దగ్గర తీగలకు ఆనించి, కిందివైపు మీటులతోనే వాయించండి. మెట్రోనోమ్ నిదానంగా పెట్టండి. వేగం తర్వాత చూసుకోవచ్చు.