ఉపఅంటార్కిటిక్ దీవుల నేల, నాచు డయాటమ్‌లు

డయాటమ్‌లు సిలికా కవచం కట్టుకునే ఏకకణ శైవలాలు. సముద్రాల్లో, చెరువుల్లో ఉండేవి అందరికీ తెలిసినవే. తడి నేలలోనూ, నాచుమొక్కల సందుల్లోనూ కాలం వెళ్లదీసే జాతులూ చాలా ఉన్నాయి. క్రోజే, కెర్గెలెన్, మారియన్, మక్వారీ, దక్షిణ జార్జియా వంటి ఉపఅంటార్కిటిక్ దీవులు వీటి అధ్యయనానికి పేరుపడ్డవి.

హిందూ మహాసముద్రపు దక్షిణ భాగంలో, ఫ్రాన్స్ అధీనంలో ఉన్న క్రోజే దీవుల్లో పెద్దది పొసెషన్ దీవి. వైశాల్యం సుమారు 150 చదరపు కిలోమీటర్లు. సగటు ఉష్ణోగ్రత 5 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉంటుంది. వాన ఏడాది పొడవునా పడుతూనే ఉంటుంది. చెట్లు లేవు. నేలను కప్పేవి గడ్డి, నాచు, గాలికి ఒదిగి దిండులా పెరిగే అజోరెల్లా మొక్కలు.

నాచులో ఏ డయాటమ్‌లు ఉంటాయన్నది ముఖ్యంగా తడిని బట్టి ఉంటుంది. యుంగ్ 1936లో ఇచ్చిన కొలమానం నాచు తడిని, నీళ్లలో మునిగి ఉన్న స్థితి నుంచి పూర్తిగా ఎండిన స్థితి దాకా, 8 మెట్లుగా విడదీస్తుంది. గుప్పెడు నాచును పిండి, నీరు కారే తీరును చూసి మెట్టు నిర్ణయిస్తారు. మోటుగా కనిపించినా పనికొచ్చే పద్ధతే. ఎండు మెట్లలో తరచుగా దొరికేవి పిన్నులారియా బోరియాలిస్, హాంట్‌షియా ఆంఫియాక్సిస్, లుటికోలా, హ్యుమిడోఫిలా ప్రజాతుల జాతులు.

జాతిని వర్ణించాలంటే ముందు కణంలోని జీవపదార్థాన్ని తొలగించాలి. నమూనాను హైడ్రోజన్ పెరాక్సైడ్‌లో 80 డిగ్రీల దగ్గర వేడిచేసి, పొటాషియం పర్మాంగనేట్ కలుపుతారు. సేంద్రియ పదార్థమంతా పోయి కవచాలు మిగులుతాయి. వాటిని గాజుపలకపై నాఫ్రాక్స్ అనే జిగురులో అమరుస్తారు. దాని వక్రీభవన గుణకం సిలికా కంటే చాలా ఎక్కువ కాబట్టే కవచంపై గీతలు కంటికి తేలతాయి. ఈ శుభ్రతకు ఒక మూల్యం ఉంది: కవచం అక్కడే బతికిన కణానిదో, గాలికి కొట్టుకొచ్చిన ఖాళీ పెంకో ఇక తెలియదు.

కవచం రెండు భాగాలుగా, ఇంటర్ వృక్షశాస్త్ర పాఠంలోని సబ్బుపెట్టెలా, ఒకదానిలో ఒకటి అమరి ఉంటుంది. కణం విభజన చెందినప్పుడు పిల్లకణాలకు చెరో భాగం దక్కుతుంది. రెండో భాగాన్ని ప్రతి కణమూ లోపలివైపే కట్టుకుంటుంది. అందువల్ల తరాలు గడిచేకొద్దీ సగటు పొడవు తగ్గుతుంది. లైంగిక ప్రత్యుత్పత్తిలో ఏర్పడే ఆక్సోస్పోరు మళ్లీ పెద్ద కణాన్నిస్తుంది. కాబట్టి ఒక్క కవచాన్ని కొలిచి రాసిన వర్ణనకు విలువ తక్కువ. చిన్నవాటి నుంచి పెద్దవాటి దాకా వరుసగా చూపాలి.

పొడవు కంటే నమ్మదగిన గుర్తు చారల ఒత్తు. 1843లో ఎరెన్‌బర్గ్ పేరుపెట్టిన పిన్నులారియా బోరియాలిస్‌లో 10 మైక్రోమీటర్లకు 5, 6 చారలే ఉంటాయి. అవి లావుగా, ఎడంగా ఉండటంతో సాధారణ సూక్ష్మదర్శినిలోనే పట్టుబడుతుంది. హ్యుమిడోఫిలా సంగతి వేరు. కవచం సాధారణంగా 20 మైక్రోమీటర్లు దాటదు. ప్రతి చారా అడ్డంగా సాగిన ఒకే రంధ్రం. ఇది రూఢిగా చూడాలంటే ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని తప్పదు. 2014లో డయాడెస్మిస్ నుంచి దీన్ని వేరే ప్రజాతిగా విడదీశారు.

కొత్త పేరు చెల్లాలంటే నామకరణ నియమావళి ప్రకారం ప్రామాణిక నమూనాను పేర్కొనాలి. శైవలాలకు 1958 నుంచి చిత్రం కూడా తప్పనిసరి. వర్ణన లాటిన్‌లోనే ఉండాలన్న షరతు 2012లో సడలి, ఇంగ్లిష్‌కూ చోటు దొరికింది.

చాలాకాలం ఈ దీవుల డయాటమ్‌లకు యూరప్ గ్రంథాల్లోని పేర్లే తగిలించారు. బూరెల్లీ, మాంగ్యాఁ 1954లో కెర్గెలెన్ మంచినీటి శైవలాలపై పెద్ద రచన వెలువరించారు. బెల్జియం శాస్త్రవేత్త బార్ట్ వాన్ డె వైవర్, సహచరులు 2002లో పొసెషన్ దీవి డయాటమ్‌లపై, 2004లో ధ్రువప్రాంతాల స్టౌరోనైస్ ప్రజాతిపై ప్రచురించిన గ్రంథాలతో అరువు పేర్లను నిశితంగా సరిచూడటం ఊపందుకుంది. 2013లో సుఫ్రో బృందం డీఎన్ఏ ఆధారంగా మరో మెట్టు ఎక్కింది: పిన్నులారియా బోరియాలిస్, హాంట్‌షియా ఆంఫియాక్సిస్ పేర్ల కింద చెలామణి అవుతున్న వాటిలో అంటార్కిటికాకే ప్రత్యేకమైన వంశాలున్నాయని చూపింది. పెరాక్సైడ్‌లో కాగిన కవచాల్లో డీఎన్ఏ మిగలదు. అందుకే ఇలాంటి పనికి నమూనాలో కొంత భాగాన్ని విడిగా ఉంచి, బతికున్న కణాలను ఒక్కొక్కటిగా తీసి పెంచుతారు.