ఎలుకల వంశావళి

ఎలుకల గదుల్లో పనిచేసి రిటైరయ్యాను. "ఎలుకల్ని సాకుడు కూడా నౌకరీయేనా?" అని మా బన్సీలాల్‌పేట్‌లో ఇప్పటికీ ఆటపట్టిస్తారు. నౌకరీయే, పైగా మన ఊళ్లో దీనికి పాత చరిత్రే ఉంది. 1918లో కూనూరులో బెరిబెరి జబ్బు మీద మొదలైన పరిశోధన 1958లో హైదరాబాద్‌కు వచ్చి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ అయింది. ప్రయోగ జంతువుల విభాగం 1976లో బొంబాయి నుంచి తార్నాకలోని ఆ సంస్థకు చేరింది. మరుసటి ఏడు కణ, అణు జీవశాస్త్ర పరిశోధనా కేంద్రం సీసీఎంబీ పుట్టింది.

దాదాపు ఆ రోజుల్లోనే ప్రపంచంలో ట్రాన్స్‌జెనిక్ ఎలుకల, అంటే బయటి జన్యువు ఎక్కించిన ఎలుకల, పని ఊపందుకుంది. 1982లో పామిటర్, బ్రిన్‌స్టర్ ఎలుక జన్యువు ముందుండే మీటను కోసి, గ్రోత్ హార్మోన్ జన్యువుకు అతికించారు. పిల్లలు మామూలు కంటే బాగా పెద్దగా పెరిగాయి. జన్యువు ఏం చేస్తుందన్నదే కాదు, ఎక్కడ, ఎప్పుడు పనిచేయాలో చెప్పే ముక్కను కూడా వెతకవచ్చని తేలింది.

మెదడును అర్థం చేసుకోవడానికి ఈ వెతుకులాట మరీ అవసరం. సంతానానికి మూలమైన జీఎన్‌ఆర్‌హెచ్ హార్మోన్‌ను తయారుచేసే న్యూరాన్లు ఎలుక మెదడంతా కలిపి సుమారు 800. అవి కూడా ఒకచోట ఉండవు, చెల్లాచెదురుగా ఉంటాయి. ఆ జన్యువు లోపించి గొడ్డుపోయిన ఎలుకలకు 1986లో దాన్ని తిరిగి చేరిస్తే పిల్లలు పుట్టాయి. 1990లో అదే జన్యువు మీటకు కణితి పుట్టించే జన్యువును తగిలించి, ఆ న్యూరాన్ల నుంచే గాజు పళ్లెంలో పెరిగే కణాలు సంపాదించారు. తర్వాత ఆకుపచ్చగా వెలిగే ప్రోటీన్ జన్యువును తగిలించి, మెదడు ముక్కలో ఆ న్యూరాన్లను కంటితో ఏరుకోగలిగారు.

ఇలాంటి ఎలుకల్ని తయారుచేసే పని పొద్దున్నే మొదలవుతుంది. ఆడ ఎలుకల్ని ఒక్కొక్కటే తోక పట్టి ఎత్తి, యోనిలో వీర్యం గట్టిపడి ఏర్పడే ప్లగ్ ఉందేమో చూడాలి. ఉంటే రాత్రి జతకట్టినట్టు. ఆ రోజే అండాలు తీస్తారు. సూక్ష్మదర్శిని కింద అండంలో రెండు కేంద్రకాలు కనబడతాయి, తండ్రిది కాస్త పెద్దది. సన్నని గాజు సూదితో అందులోకి డీఎన్‌ఏ ఎక్కిస్తే అది ఉబ్బుతుంది. ఉబ్బితేనే చేరినట్టు. ఆ అండాల్ని, వేసెక్టమీ చేసిన మగదానితో జతకట్టిన మరో ఆడ ఎలుకలో పెడతారు. పుట్టిన పిల్లల తోక కొసలు పరీక్షిస్తే కొన్నింటిలోనే ఆ జన్యువు దొరుకుతుంది.

అసలు చిక్కు ఆ తర్వాతే. ఎక్కించిన డీఎన్‌ఏ ఏ క్రోమోజోములో ఎక్కడ అతుక్కుంటుందో మన చేతిలో లేదు. చోటును బట్టి ఒక పిల్ల నుంచి సాగిన వరసలో న్యూరాన్లు వెలుగుతాయి, ఇంకో వరసలో అసలు వెలగవు. అందుకే ఒక్క వరసను చూసి మీట గురించి ఏ మాటా చెప్పరు. వేర్వేరు వరసల్లో ఒకే తీరు కనిపించాలి. అందుకు ప్రతి పంజరానికీ కార్డు, ప్రతి పిల్లకూ చెవిగుర్తు, తల్లిదండ్రుల వివరం రాసే రిజిస్టరు ఉండాలి. మా చాకిరీ అంతా అదే.

2013లో క్రిస్పర్ అనే జన్యు కత్తెరతో జన్యువులు మార్చిన ఎలుకలు వచ్చాయి. కోరిన చోటే కోత పెట్టొచ్చు, నెలల పని వారాల్లో తెములుతుంది. కానీ ఆ కత్తెర కూడా అప్పుడప్పుడు వేరే చోట తెగ్గోస్తుంది. అలాంటి కోతల్ని వదిలించుకోవాలంటే మళ్లీ తరం తర్వాత తరం పెంచి చూడాలి. తల్లెవరో తండ్రెవరో రాయని ఎలుక మీద ఎంత ఖరీదైన మైక్రోస్కోపు పెట్టినా, ఆ ఫలితాన్ని ఎవరూ నమ్మరు.