నమీబియా శాంతి - ఒక విశ్రాంత జనరల్

రిటైరయ్యాక మనతో ఎవరికేం పని అనేవారికి నేను దివాన్ ప్రేమ్‌చంద్ గారి పేరు చెబుతుంటాను. మన సైన్యం నుంచి ఎప్పుడో పదవీ విరమణ చేసిన ఈ జనరల్, 1989లో నమీబియాకు వెళ్ళిన ఐక్యరాజ్యసమితి దళాలకు అధిపతి. అప్పటికి వయస్సు 72!

ఏప్రిల్ 1న కాల్పుల విరమణ మొదలు. దళాలలో చాలాభాగం ఇంకా చేరనే లేదు. ఆనాడే అంగోలా వైపునుంచి స్వాపో గెరిల్లాలు సరిహద్దు దాటారు. దక్షిణాఫ్రికా సేనలు శిబిరాలు వదలి వారిపై విరుచుకుపడ్డాయి. 300 మందికి పైగా గెరిల్లాలు మరణించారు. ఏళ్ళ తరబడి నడచిన రాయబారం ఒక్క రోజులో బూడిదయ్యేదే.

అప్పుడు మౌంట్ ఎట్జో విడిదిలో అంగోలా, క్యూబా, దక్షిణాఫ్రికా ప్రతినిధులు సమావేశమయ్యారు. అంతకు ముందటి ఏడాది దాకా అంగోలా గడ్డపై యుద్ధం చేసుకున్నవారే వీరు! గెరిల్లాలు ఐక్యరాజ్యసమితి పర్యవేక్షణలో అంగోలాకు తిరిగి వెళ్ళాలని ఏప్రిల్ 9న ఒప్పుకున్నారు. నమీబియాను గట్టెక్కించినది ఆ సమావేశమేనని నా అభిప్రాయం.

నవంబరులో ఎన్నికలు జరిగాయి. 1990 మార్చి 21న నమీబియా స్వతంత్ర దేశమైంది.