కన్నతల్లి సవతి తల్లి అయిన కథ

ఈ డిసెంబరు 20కి గ్రిమ్ సోదరుల కథల పుస్తకానికి ఇంకో ఏడు నిండుతుంది. 1812లో వచ్చిన ఆ తొలి సంపుటంలో 86 కథలున్నాయి. పేరుకు పిల్లల పుస్తకమే గానీ, అందులో పిల్లలు పడే పాట్లు చదివితే కడుపు తరుక్కుపోతుంది. ఒక కథలో కొడుకును చంపి కూర వండుతారు. ఇంకో కథలో కన్నతండ్రే కూతురి చేతులు నరుకుతాడు. ఇదంతా ఎవరో పనిలేక అల్లిందని నేననుకోను. దీని వెనక నిజమైన ఆకలి ఉంది.

1315లో ఉత్తర యూరప్‌లో పట్టిన ముసురు చేలను కుళ్లబెట్టి ఏళ్ల తరబడి కరువు తెచ్చింది. 1445 నాటికి ఫ్లోరెన్స్‌లో వదిలేసిన పసికందుల కోసమే ఒక ఆశ్రమం తెరవాల్సి వచ్చింది. 1693-94లో ఫ్రాన్స్‌లో పది లక్షల మందికి పైగా కరువుకు బలయ్యారు. మూడేళ్లు తిరిగేసరికి, 1697లో, ఫ్రెంచి రచయిత షార్ల్ పెరో కథల పుస్తకంలో ఒక కట్టెలు కొట్టేవాడు ఏడుగురు కొడుకుల్ని అడవిలో వదిలేశాడు.

నా మనసు మాత్రం గ్రిమ్ సోదరులు కథలు సేకరించిన జర్మనీలోని కాసెల్ పట్టణం దగ్గరే ఆగిపోతుంది. యాకోబ్ గ్రిమ్‌కు పదకొండేళ్లప్పుడు తండ్రి పోయాడు. అతని వెనక ఇంకా అయిదుగురు చిన్నవాళ్లు. ఒంటిపూట తిండితో గడిపిన రోజులూ ఆ అన్నదమ్ములకు తెలుసు. వాళ్లకు బోలెడు కథలు చెప్పింది మందుల దుకాణం నడిపే వైల్డ్ కుటుంబం. ఆ ఇంటి అమ్మాయి డోర్ట్‌ఖెన్‌నే యాకోబ్ తమ్ముడు విల్‌హెల్మ్ 1825లో పెళ్లాడాడు.

హాన్సెల్, గ్రెటెల్ కథ ఆ తొలి సంపుటంలోనే ఉంది. ఇంట్లో రొట్టె నిండుకుంది. పిల్లల్ని అడవిలో వదిలేద్దామని ఆ రాత్రి భర్తతో అన్నది వాళ్ల కన్నతల్లి. అచ్చులో అలాగే ఉంది, సవతి ఊసే లేదు. 1840లో నాలుగో ముద్రణ వచ్చేసరికి ఆమె సవతి తల్లి అయింది. తర్వాత్తర్వాత తండ్రి నోట జాలి మాటలూ పెరిగాయి. స్నో వైట్ తల్లికి ఈ మార్పు 1819లోనే జరిగింది. అదే ఏడు రాపంజెల్ కథలో ఆమె గర్భవతి అని తెలిసిపోయే మాట తీసేశారు. హాన్సెల్ కథలో మంత్రగత్తెను పొయ్యిలోకి తోసే ఘట్టం మాత్రం చివరిదాకా ఉంది. విల్‌హెల్మ్‌కు పిల్లలంటే ఎంతో ప్రేమ, అందులో నాకు అనుమానం లేదు. పండక్కి పిల్లల చేతికిచ్చే పుస్తకంలో కన్నతల్లి అంత మాట అనడం ఆయన భరించలేకపోయాడని నాకనిపిస్తుంది. కానీ ఆ దిద్దుబాటుతో కరువు చేసిన నేరం ఒక ఆడదాని నెత్తికి చుట్టుకుంది. పిల్లల్ని అడవికి తీసుకెళ్లిన తండ్రి మంచివాడుగా మిగిలాడు. నాకు ఇది అన్యాయంగానే తోస్తుంది.

పేదరికంలో పిల్లల్ని దూరం పంపడం కథల్లోనే కాదు, ఆ రోజుల్లో బయటా ఉంది. 1839లో ప్రష్యా తొమ్మిదేళ్లలోపు పిల్లల్ని ఫ్యాక్టరీ పనిలో పెట్టకూడదని చట్టం చేసింది. అది పొలాల దాకా రాలేదు. టైరోల్, ఫోరార్ల్‌బెర్గ్ కొండల్లోని పేద పిల్లలు ఏటా వసంతంలో ఆల్ప్స్ దాటి, రావెన్స్‌బుర్గ్ సంతలో రైతుల ముందు నిలబడేవారు. శరదృతువు దాకా పాలేరుతనం. ఇంట్లో ఒక నోరు తగ్గితే చాలని కన్నవాళ్లే పంపేవారు. ఇరవయ్యో శతాబ్దం వచ్చాక కూడా ఇది సాగింది. ఈలోగా 1893లో జర్మన్ స్వరకర్త హుంపర్‌డింక్ హాన్సెల్, గ్రెటెల్ కథను ఒపెరాగా మలిచాడు. అందులో మళ్లీ కన్నతల్లే. కోపంలో పిల్లల్ని పండ్లు ఏరుకు రమ్మని తరిమి, ఆనక వెతుక్కుంటూ పరుగెత్తుతుంది.

1976లో మనస్తత్వవేత్త బ్రూనో బెట్టెల్‌హైమ్ ఇంకో దారి పట్టాడు. ఆయన లెక్కన ఈ కథ పిల్లల తిండి యావ గురించి, తల్లిని వదల్లేని భయం గురించి. నేను ఒప్పుకోను. ఆ రాత్రి అమ్మానాన్నల మాటలు పిల్లల చెవిన పడింది ఆకలికి నిద్ర పట్టకనేనని 1812 ప్రతిలోనే రాసి ఉంది.