కకిరిగుమ్మ గృహములలో పలకచెక్కలు

కొరాపుట్ జిల్లాయందలి కకిరిగుమ్మ ఒకప్పుడు జయపురము జమీందారీలోనిది. 1936 ఏప్రిల్ 1వ తేదీన ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రముగా ఏర్పడువరకు ఈ సీమ విశాఖపట్టణము జిల్లాకు చెందియుండెను. ఆ కాలమున బల్లకైనను తలుపుకైనను మాను అడవిలోనే దొరకెడిది. దూలమునకు గుగ్గిలము, తలుపునకు టేకు అని వడ్రంగి చెప్పిన గృహస్థు తలయూపెడివాడు. నేడు గృహస్థే నిర్ణయింపవలసి వచ్చినది. దుకాణమున ఎనిమిదడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు గల పలకలు నాలుగైదు పేర్లతో నిలిచియుండును. పైకి అన్నియు నొక్కటే. లోపలి భేదము వాని చరిత్రలో నున్నది.

వీనిలో ప్లైవుడ్ ప్రాచీనము. ఈజిప్టులోని సక్కారా మెట్ల పిరమిడ్డునందు ఆరు పొరల చెక్కతో చేసిన శవపేటిక దొరకినది. చెక్క తేమకు అడ్డముగా ఉబ్బును, నిలువుగా దాదాపు ఉబ్బదు. కావున ఒక పొర నిలువుగా, మరియొకటి అడ్డముగా అతికించిన ఒకదానినొకటి పట్టియుంచును. మన దేశమున ఈ పరిశ్రమ అస్సాములో తేయాకు పెట్టెలకై పెరిగినది. 1996 డిసెంబరు 12న గోదావర్మన్ వ్యాజ్యమున సుప్రీంకోర్టు ఇచ్చిన ఉత్తరువుతో ఈశాన్య అరణ్యములపై ఆధారపడిన మిల్లులు పెక్కు మూతపడెను. తరువాత హర్యానాలోని యమునానగరమున పోప్లార్, కేరళలోని పెరుంబావూరున రబ్బరుమాను దీనికి ఆధారములయ్యెను. అనగా నేటి ప్లైవుడ్ చాలవరకు అడవి బిడ్డ కాదు, పొలము పంట. కనుక "ఏ మాను?" అని అడుగుటకంటె "ఏ జిగురు?" అని అడుగుట మేలు. యూరియా జిగురుతో అతికిన ఎం.ఆర్. రకము గాలిలోని తేమకు ఓర్చునుగాని నీటికి ఓర్వదు. ఫినాల్ జిగురుతో చేసిన బి.డబ్ల్యు.ఆర్. రకము వేడినీటికిని నిలుచును. ఏటా సుమారు 1,500 మిల్లీమీటర్ల వాన కురియు ఈ కొండసీమలో వంటింటికి రెండవదియే తగును. పలకపై ఐ.ఎస్. 303 ముద్రతోపాటు రకము పేరును చదువవలెను.

పార్టికల్ బోర్డు జర్మనీలో కలప కొరతనాడు పుట్టినది. రంపపుపొట్టు, చెక్కముక్కలు దానికి ముడిసరుకు. హైదరాబాదు సమీపమున పటాన్‌చెరువులో తయారైన సరకు పేరుతో మన వడ్రంగులు దానిని నోవాపాన్ అని పిలుతురు. చవక. కాని ఒకసారి ఊడిన మర మరల బిగియదు; అంచు తడిసిన ఉబ్బి తిరిగి సర్దుకొనదు. ఎం.డి.ఎఫ్. 1960 దశకమున అమెరికాలో వచ్చినది. మానును నారగా చీల్చి ఒత్తుటచే నున్ననై రంగును చక్కగ పట్టును. శ్రీకాళహస్తి సమీపమున 2018లో దీని పెద్ద కర్మాగారము వెలసినది.

పుస్తకముల అర మాత్రము వేరు. మన తెలుగు పాఠశాలలలో నిఘంటువుల బరువుకు వంగిన అరలు అరుదు కావు. సమానముగ పరచిన బరువునకు అర పొడవు రెట్టింపైన వంపు పదునారు రెట్లగును; మందము రెట్టింపైన ఎనిమిదవ వంతునకు తగ్గును. కావున ఖరీదైన పలక కొనుటకంటె నడుమ నొక నిలువు పలక నిలుపుట సులభము. పొడవైన అరకు, లోపలి కర్రబద్దలు పొడవుగా నడచు బ్లాక్‌బోర్డు మంచిది. బద్దలు అడ్డముగా నుండునట్లు కోసిన దాని బలము పోవును. ఏ పలకకైనను కోసిన అంచులకు వెంటనే పట్టీ అతికించి మూయవలెను. తేమ ముందుగా చొరబడునది అచ్చటనే.