వైర్‌లెస్ సెన్సర్ నెట్‌వర్క్ ఆయుష్షు

వేడి, తేమ, కదలిక వంటివాటిని కొలిచి, ఆ సమాచారాన్ని రేడియో ద్వారా ఒకదాని నుంచి మరొకదానికి అందిస్తూ బేస్ స్టేషన్‌కు చేర్చే చిన్న పరికరాల సమూహమే వైర్‌లెస్ సెన్సర్ నెట్‌వర్క్. ఒక్కో పరికరం ఒక నోడ్. ఎక్కువ నోడ్‌లు బ్యాటరీలతోనే నడుస్తాయి. అడవుల్లో, దీవుల్లో అమర్చినవాటికి బ్యాటరీలు మార్చడం చాలాసార్లు కుదరదు. కొన్ని నోడ్‌లు పోయినా మిగిలినవి ఎంతకాలం పని నెట్టుకొస్తాయన్నదే నెట్‌వర్క్ ఆయుష్షు.

దీన్ని లెక్కగట్టే పద్ధతులు వేరువేరు. మొదటి నోడ్ ఆగేవరకే ఆయుష్షు అనేది గణితానికి సులువైన నిర్వచనం, కానీ వందల నోడ్‌లున్న చోట దానికి పెద్దగా అర్థం లేదు. గమనించాల్సిన ప్రాంతంలో ఖాళీ ఏర్పడేవరకు, లేదా బేస్ స్టేషన్‌కు దారి తెగేవరకు అనుకోవడమే వాస్తవానికి దగ్గర.

బ్యాటరీని ఎక్కువగా తినేది రేడియో. విస్తృతంగా వాడిన సీసీ2420 చిప్ సంకేతం పంపేటప్పుడు గరిష్ఠంగా 17.4 మిల్లీఆంపియర్లు తీసుకుంటే, వినేటప్పుడు 18.8 తీసుకుంటుంది. ఎవరూ మాట్లాడకపోయినా చెవి ఒగ్గి ఉండటమే అసలు నష్టం. అందుకే 2002లో వచ్చిన ఎస్-మ్యాక్ వంటి పద్ధతులు రేడియోను ఎక్కువసేపు నిద్రపుచ్చుతాయి. ఇంత చేసినా బేస్ స్టేషన్ పక్కనున్న నోడ్‌లు అందరి సమాచారాన్నీ మోసి ముందుగా అలసిపోతాయి. అవి పోతే దూరపు నోడ్‌లలో బ్యాటరీ నిండుగా ఉన్నా ప్రయోజనం లేదు. 2000లో హైన్జెల్మన్, చంద్రకాసన్, బాలకృష్ణన్ ప్రతిపాదించిన లీచ్ పద్ధతి నోడ్‌లను గుంపులుగా చేసి, నాయకత్వ భారాన్ని వంతులవారీగా తిప్పుతుంది. 2012లో ప్రమాణంగా వచ్చిన ఆర్‌పీఎల్ అనే దారి ఎంపిక పద్ధతిలో, బేస్ స్టేషన్ వైపున్న పై నోడ్ అందకపోతే కింది నోడ్ మరో దారి ఎంచుకుంటుంది. కొన్ని నోడ్‌లను అదనంగా అమర్చి నిద్రలో ఉంచి, పక్కది ఆగినప్పుడు లేపడం ఇంకో మార్గం.

ప్రయోగశాల లెక్కలకు లొంగనిది వాతావరణం. అమెరికాలోని మెయిన్ తీరాన గ్రేట్ డక్ దీవిలో సముద్రపక్షుల బొరియలను గమనించడానికి 2002లో నోడ్‌లు అమర్చారు. నీరు, తేమ లోపలికి చేరి తేమ సెన్సర్లు చెడిపోయాయి, కొన్ని నోడ్‌ల బ్యాటరీలూ వేగంగా తరిగిపోయాయి. తర్వాతి విశ్లేషణలో ఒక విలువైన సంగతి తేలింది: తేమ కొలతలు వింతగా మారడం ఆ నోడ్ త్వరలో ఆగిపోతుందనడానికి ముందస్తు సూచన. అలాంటి సూచన అందితే నోడ్ పూర్తిగా ఆగకముందే పొరుగు నోడ్‌లు వేరే దారికి మళ్లవచ్చు.